సైకిలు దిగాల్సిన చోట్లు

కోయాసాన్ కొండమీది దాయ్‌మోన్ ద్వారం ముందు సైకిలు దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. దిగడమంటే మర్యాదగా దిగడం కాదు. కుడికాలు సీటు మీదుగా ఇవతలికి రానని మొరాయిస్తే, సైకిలును ఒక పక్కకు వాల్చి, దాని కిందనుంచి బయటపడ్డాను. ఎదురుగా ఇరవై అయిదు మీటర్ల ఎత్తున్న ఎర్రటి రెండంతస్తుల ద్వారం, పైకప్పు మబ్బులో మునిగి, 1705 నుంచి నిలబడి ఉన్న ధీమాతో నిలబడి ఉంది. దానికి చెరోపక్కా ఉన్న ద్వారపాలకుల్లో ఒకరు నోరు తెరిచి, మరొకరు నోరు బిగించి, కళ్ళురిమి చూస్తున్నారు. తెరిచిన నోరు ‘అ’కారం, మూసిన నోరు ‘హుం’కారం అని తరువాత తెలిసింది. వెనకనుంచి రొప్పుతూ వచ్చిన మా బావమరిది వాళ్ళను కాసేపు పరికించి, "బావా, ఆ నోరు తెరిచినాయన కూడా మనలాగే తొక్కుకుంటూ వచ్చినట్టున్నాడు," అన్నాడు.

జపానులోని పెద్ద దీవి హొన్షూకు దక్షిణపు కొసన, పసిఫిక్ సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన కొండల గుంపు కీ ద్వీపకల్పం. వకయమ, నర, మియె అనే మూడు ప్రిఫెక్చర్లలో పరుచుకున్న ఈ కొండల్లోని మూడు పుణ్యస్థలాలను, అంటే కోయాసాన్‌ను, యోషినో ఓమినె కొండలను, కుమనో క్షేత్రాలను, వాటిని కలిపే ప్రాచీన యాత్రామార్గాలతో సహా యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మేము యోషినోను వదిలిపెట్టి, ఉత్తరాన ఉన్న కోయాసాన్ నుంచి దక్షిణాన కుమనో సముద్రతీరం దాకా నవంబరు మొదటి వారంలో ఆరు రోజులు తొక్కాము. మొత్తం రెండువందల కిలోమీటర్లకు కాస్త పైన. బల్లపరుపు నేలమీద తొక్కేవాళ్ళకు ఇది నవ్వొచ్చే లెక్కే గాని, కీ కొండల్లో బల్లపరుపు నేల అనేది వంతెనల మీదా, సొరంగాల్లోనూ తప్ప మాకు దొరకలేదు.

బయలుదేరేముందు నాకొక అపోహ ఉండేది. యాత్రామార్గం అన్నారు కనుక ఆ మార్గంలోనే సైకిలు తొక్కుతామనుకున్నాను. అసలు మార్గాలేమో రాతిమెట్లు, దేవదారు వేళ్ళు, నాచు పట్టిన బండలతో మనిషి పాదానికి సరిపడా అమర్చినవి. వాటిమీద చక్రానికి చోటు లేదు, ఉండాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. కాబట్టి సైకిలు యాత్రికుడు ఎప్పుడూ పక్కదారిలోనే ఉంటాడు. తారురోడ్డు మీద తొక్కుతుంటే పాతదారి ఎక్కడో కుడివైపు అడవిలోంచి వచ్చి, రోడ్డును అడ్డంగా దాటి, ఎడమవైపు అడవిలోకి వెళ్ళిపోతుంది. ఆ దాటుచోట సైకిలుకు తాళం వేసి, కొంత నడిచి, మళ్ళీ వెనక్కి రావాలి. ఆరు రోజుల్లో నేను ఎక్కువ నేర్చుకున్నది ఎక్కడం గురించి కాదు, ఎక్కడ దిగాలన్నదాని గురించి.

మొదటి రోజు ఉదయం హషిమొతొ స్టేషన్ బయట సైకిళ్ళు బిగించుకున్నాము. జపానులో రైలెక్కాలంటే సాధారణంగా సైకిలు చక్రాలూడదీసి ‘రింకో’ అనే సంచిలో ఏ భాగమూ బయటికి కనబడకుండా కట్టాలి. హ్యాండిల్ కొస ఒక్కటి బయటికి వచ్చినా స్టేషన్‌వాళ్ళు నవ్వుతూనే ఆపుతారు. విడదీయడం పావుగంట పని, బిగించడం అరగంట. చెయిను మసి మాత్రం ఆరు రోజులూ గోళ్ళలోనే ఉంది. వాహనాలు మన దేశంలోలాగే ఎడమవైపు నడుస్తాయి కనుక రోడ్డు మీద బుర్రకు కొత్త పాఠం నేర్పాల్సిన అవసరం రాలేదు.

కినొ నది ఒడ్డున కుదొయమ అనే చిన్న ఊరుంది. షింగోన్ బౌద్ధాన్ని స్థాపించిన కూకై అనే ఆచార్యుడికి సాగా చక్రవర్తి 816లో కోయాసాన్ కొండను ఇచ్చినప్పుడు, కూకై తల్లి కొడుకును చూడడానికి వచ్చిందట. స్త్రీలకు కొండమీదికి ప్రవేశం లేదు. అందుకని ఆమె కిందనే ఉండిపోతే, కొడుకే నెలకు తొమ్మిదిసార్లు కొండ దిగి వచ్చేవాడని, అందుకే ఊరికి ‘తొమ్మిదిసార్ల కొండ’ అనే పేరు వచ్చిందని చెబుతారు. ఆమె ఉన్నచోట జిసొన్ ఇన్ అనే ఆలయం ఉంది. ఆ నిషేధం 1872లో ప్రభుత్వం ఎత్తివేసేదాకా కాగితం మీద ఉంది, ఆచరణలో ఇంకొన్ని దశాబ్దాలు నడిచింది. కొండమీది ఆచార్యుడి మహిమల కన్నా, నెలకు తొమ్మిదిసార్లు అమ్మకోసం ఏడువందల మీటర్లు దిగి మళ్ళీ ఎక్కినవాడి కాళ్ళ సత్తువే ఆ రోజు నాకు ఎక్కువ గొప్పగా తోచింది.

జిసొన్ ఇన్ నుంచి పైన ఉన్న మహాస్తూపం దాకా నడకదారి వెంట 180 రాతి స్తంభాలుంటాయి. ఒక్కొక్కటి ఒక ‘చో’ దూరానికి గుర్తు, అంటే దాదాపు 109 మీటర్లు. గర్భధాతు మండలం అనే షింగోన్ దేవతాచిత్రంలోని 180 మంది దేవతలకు ఒక్కొక్కరికి ఒక్కొక్కటిగా వీటిని 13వ శతాబ్దంలో నిలబెట్టారు. మేము ఆ దారిలో కాకుండా 370, ఆపైన 480వ నంబరు రోడ్ల మీద ఎక్కాలి గనుక రాళ్ళు మాకు కనబడవు. కనబడకపోతేనేం, లెక్క మాకూ పనికొచ్చింది. నా సైకిలుకు అన్నిటికన్నా తేలిక గేరులో ముందు 34 పళ్ళు, వెనక 34 పళ్ళు. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా సరిగ్గా ఒక్క చుట్టే తిరుగుతుంది, రెండు మీటర్ల పది సెంటీమీటర్లు ముందుకు పోతుంది. అంటే ఒక చోకు యాభై రెండు తొక్కులు. యాభై రెండు లెక్కపెట్టి, మనసులో ఒక రాయి దాటి, మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టాను. మా రోడ్డు కూడా ఇరవై కిలోమీటర్లకు దగ్గరే కనుక రాళ్ళు కూడా దాదాపు సరిపోయాయి. నూట పదో రాయి దగ్గరో, నూట పన్నెండో దగ్గరో హనసక అనే పల్లె వచ్చింది. అక్కడ కాల్చి అమ్మే యకిమోచి, అంటే లోపల తీపి చిక్కుడు ముద్ద పెట్టిన బియ్యపు పిండి బిళ్ళలు, ఒక్కొక్కరం మూడేసి తిన్నాము. ఆ తరువాత లెక్క తప్పింది.

కోయాసాన్ అంటే ఒక శిఖరం కాదు. ఎనిమిది శిఖరాల మధ్య, దాదాపు ఎనిమిదివందల మీటర్ల ఎత్తున తామరపువ్వు నడిమి దుద్దులా ఉన్న చదునైన లోయ. అందులో 117 ఆలయాలు ఉన్నాయి. వాటిలో యాభై దాకా యాత్రికులకు బస ఇస్తాయి, ఆ బసను ‘షుకుబో’ అంటారు. మేము తలకు పదమూడు వేల యెన్లు కట్టి రెండు రాత్రులు ఉన్నాము. సైకిళ్ళు ఎక్కడ పెట్టాలని అడిగితే, ఒక యువ సన్న్యాసి వచ్చి, చెక్కవరండా కింద పాత గోనెపట్టా పరిచి, చక్రాలకంటిన బురద చూసి ఒక బకెట్టు నీళ్ళు, కొబ్బరిపీచు బ్రష్షు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. కడగండని ఒక్కమాట అనలేదు. మేము కడిగాము.

రాత్రి భోజనం షోజిన్ ర్యోరి, సన్న్యాసుల శాకాహారం. చేపలేదు, మాంసంలేదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా లేవు. జపానులో శాకాహారికి అసలు శత్రువు కంటికి కనబడే చేప కాదు, ప్రతి పులుసులోనూ దాక్కునే ఎండుచేప నీళ్ళు. ఆ అనుమానం లేకుండా నేను గిన్నె ఎత్తి తాగగలిగిన మొదటి భోజనం అది. నువ్వులపాలు కాచి పేరబెట్టిన గొమదోఫు, ఈ కొండ చలిలోనే పుట్టిన ఎండబెట్టిన కోయదోఫు, అన్నం, ఊరగాయ ముక్కలు. రుచి గొప్పదా అంటే, ఉప్పూకారం అలవాటైన నాలుకకు కొంచెం ఓపిక పట్టాలి. ఎనిమిది గంటలు తొక్కినవాడి కడుపుకు మాత్రం ఆ పరిమాణం ధ్యానం చేసేవాళ్ళకే సరిపోతుందనిపించింది.

తెల్లవారి ఆరుగంటలకు ఆలయంలో ప్రార్థన. చీకటి మందిరంలో మోకాళ్ళు మడిచి కూర్చున్నాము. ముందురోజు ఎక్కిన కొండంతా అప్పుడు తొడల్లోకి మళ్ళీ వచ్చింది. నలుగురు సన్న్యాసులు ఒకే శ్రుతిలో, గొంతు అడుగునుంచి చదువుతున్నారు. నాకు జపనీస్ రాదు గనుక మొదట శబ్దంగానే విన్నాను. "ఒన్ అబొక్యా బెయ్‌రోషనో..." రెండోసారి, మూడోసారి వినేటప్పటికి చెవి ఏదో పట్టుకుంది. ఓం అమోఘ వైరోచన. "మకబొదర మని హందొమ జింబర" అంటే మహాముద్రా మణి పద్మ జ్వాల. సంస్కృతం చైనా లిపిలోకి వెళ్ళి, అక్కడినుంచి జపాను నాలుక మీదికి వచ్చి, పన్నెండు వందల ఏళ్ళు అరిగి అరిగి నున్నబడి, ఈ చలి తెల్లవారుజామున నా ముందు తిరుగుతోంది. పక్కకు చూశాను, మా బావమరిది కళ్ళు మూసుకొని ఉన్నాడు. భక్తి అనుకున్నాను, నిద్ర అని తరువాత ఒప్పుకున్నాడు.

ఆ దగ్గరితనం ఊరికే వచ్చినది కాదు. కూకై 804లో చైనా వెళ్ళి, చాంగాన్ నగరంలో హుయ్‌గువో అనే గురువు దగ్గర దీక్ష పొంది, 806లో తిరిగివచ్చాడు. ఆ గురుపరంపరను వెనక్కి లెక్కపెడుతూ పోతే అమోఘవజ్రుడు, వజ్రబోధి, నాగబోధి, ఆపైన నాగార్జునుడు. నాగార్జునుడు దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి, లోపలున్న వజ్రసత్త్వుని నుంచి ఈ విద్యను పొందాడని షింగోన్ వారి విశ్వాసం. ఆ స్తూపం అమరావతి స్తూపమే అయివుండవచ్చని ఊహించిన పండితులున్నారు. 1937లో మళ్ళీ కట్టిన 48.5 మీటర్ల కొన్‌పొన్ దాయ్‌తో మహాస్తూపం లోపల, నాలుగు మూలల గోడల మీద ఎనిమిది మంది గురువుల చిత్రాలున్నాయి. వాళ్ళలో నాగార్జునుడి ముందు నేను కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాను. ఏమనుకున్నానని అడిగితే చెప్పలేను గాని, దూరదేశంలో పరాయి పెళ్ళికి పోయినప్పుడు గోడమీద మన తాతగారి ఫోటో కనబడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఓకునోయిన్ శ్మశానానికి సైకిళ్ళు బసలోనే వదిలి నడిచి వెళ్ళాము. ఇచినొహషి వంతెన నుంచి కూకై సమాధి దాకా రెండు కిలోమీటర్ల దారి. రెండువైపులా వందల ఏళ్ళ దేవదారు చెట్లు, వాటి మొదళ్ళ మధ్య రెండు లక్షలకు పైగా సమాధులు, స్మారకాలు. ఎక్కువ రాళ్ళు అయిదు ఆకారాలను ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి. అడుగున ఘనచతురస్రం భూమి, ఆపైన గోళం నీరు, త్రికోణపు కప్పు నిప్పు, అర్ధగోళం గాలి, కొసన మొగ్గ ఆకాశం. వాటిమీద సంస్కృతం రాసే పాత సిద్ధం లిపిలో అ, వ, ర, హ, ఖ అనే అయిదు అక్షరాలు. పంచభూతాలని తెలియనివాళ్ళకు ఇది ఒక వింత ఆకారం, తెలిసినవాడికి చదవగలిగిన రాయి. 1581లో కోయాసాన్ మీద దండెత్తిన ఒద నొబునగ అనే సేనాని స్మారకం కూడా ఇక్కడే ఉంది, అతన్ని చంపించిన అకెచి మిత్సుహిదె స్మారకం కూడా ఇక్కడే ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు, చెదపురుగుల నిర్మూలనే వృత్తిగా ఉన్నవాళ్ళు తాము చంపిన చెదలకోసం నిలబెట్టించిన రాయి ఒక ఎత్తు. శాంతిగా నిద్రించమని దానిమీద రాసి ఉందని మా బావమరిది చదివి చెప్పాడు.

కూకై 835లో మరణించలేదని, సమాధి ధ్యానంలో ఉన్నాడని విశ్వాసం. అందుకని రోజుకు రెండుసార్లు, ఉదయం ఆరింటికి, పదిన్నరకు, ఆయనకు భోజనం తీసుకువెళతారు. పదిన్నరకు మేము సమాధి ముందున్న వంతెన పక్కనే ఉన్నాము. పసుపు వస్త్రాల సన్న్యాసులిద్దరు తెల్లని చెక్కపెట్టెను కావడిలా భుజాలమీద మోస్తూ, ముందు ఒక పెద్దాయన నడుస్తుండగా, వంటశాల పక్కనున్న రుచి చూసే జిజో అనే బోధిసత్త్వుడి విగ్రహం ముందు ఒక క్షణం ఆగి, వంతెన దాటి వెళ్ళారు. ఆ వంతెన అవతల ఫోటోలు తీయకూడదు, టోపీ తీసేయాలి. పన్నెండు శతాబ్దాల వడ్డన ఆరు నిమిషాల్లో అయిపోయింది. పెట్టె తిరిగి వచ్చేటప్పుడు బరువు తగ్గినట్టు నడుస్తున్నారా అని నేను చూశాను. చూడకూడని చూపే అది, ఒప్పుకుంటున్నాను.

మూడోరోజు కోయా ర్యూజిన్ స్కైలైన్. 371వ నంబరు జాతీయ రహదారిలో భాగమైన ఈ 42.7 కిలోమీటర్ల రోడ్డు, వకయమ, నర సరిహద్దు గట్టుమీదుగా పోతుంది. ఒకప్పుడు టోల్ కట్టాల్సిన రోడ్డు, 2003 నుంచి ఉచితం. మధ్యలో ఊరు లేదు. చలికాలంలో మంచు గడ్డకడుతుంది గనుక ద్విచక్ర వాహనాలను ఆపేస్తారు. నాలుగు సీసాల నీళ్ళు, ఎనిమిది అన్నపు ముద్దలు, ఉప్పులో ఊరిన ఉమెబోషి పళ్ళు ఒక డబ్బా కట్టుకున్నాము. ఉమెబోషికి వకయమ పెట్టింది పేరు. ఒకటి నోట్లో వేసుకుంటే పులుపుకు ఎడమకన్ను దానంతటదే మూతపడుతుంది, ఆపైన అరగంట కాళ్ళు పట్టేయవు.

శిఖరం పేరు గొమదన్‌జాన్, ఎత్తు 1,372 మీటర్లు. ‘గొమ’ అంటే హోమం. మన హోమమే అక్కడ గొమ అయింది. ‘దన్’ అంటే వేదిక. హోమవేదిక కొండ అన్నమాట. తైర, మినమొతొ వంశాల మధ్య జరిగిన గెంపెయ్ యుద్ధంలో తైర వంశానికి చెందిన కొరెమొరి అనే యువకుడు 1184లో ఓటమి తప్పదని తెలిసి యషిమ శిబిరం విడిచి ఈ కొండల్లోకి వచ్చాడు. ఇక్కడ హోమం చేసి, పొగ నిటారుగా లేస్తుందా లేదా అని తన వంశ భవిష్యత్తు చూసుకున్నాడని, పొగ లేవలేదని స్థానిక కథ. ప్రసిద్ధమైన యుద్ధగాథ ప్రకారమైతే అతను కోయాలో గుండు చేయించుకొని, కుమనో క్షేత్రాలు మూడూ, అంటే హొంగూ, షింగూ, నచి చూసి, నచి దగ్గర సముద్రంలో పడి ప్రాణం వదిలాడు. మేము పోబోతున్న దారీ అదే. "మనం ఆఖర్న రైలెక్కుతాం కదా బావా," అని మా బావమరిది ఖాయం చేసుకున్నాడు.

ఎక్కడం కన్నా దిగడమే ఆ రోజు భయపెట్టింది. నా సైకిలుకు డిస్క్ బ్రేకులు, అతనిది పాత సైకిలు, రిమ్ బ్రేకులు. శిఖరం దాటగానే మబ్బు రోడ్డు మీదికి దిగింది. మలుపుల నీడలో తడి ఆకులు. పది కిలోమీటర్లు దిగాక అతని వెనకచక్రం నుంచి ఇనుము ఇనుమును గీరే శబ్దం మొదలయింది. బయలుదేరేముందు సైకిలు చూసిన దుకాణంలో ప్యాడ్లు ఇంకా వెయ్యి కిలోమీటర్లు వస్తాయని చెప్పారట. తడిలో, బరువుతో, ఘాట్ రోడ్డు మీద ఆ వెయ్యి ఒక పూటలో అయిపోయింది. ప్యాడ్ రబ్బరు పూర్తిగా అరిగి, లోపలి రేకు బయటపడి, రిమ్ చుట్టూ వెండిగీత గీసింది. వేలు పెట్టి చూస్తే గాడి తగిలింది. నా సంచిలో అదనపు జత ఉండబట్టి సరిపోయింది. కొయ్యబారిన వేళ్ళతో, నోట్లో టార్చి పెట్టుకొని, ఆ ప్యాడ్ ముందువైపు ఏదో వెనకవైపు ఏదో వాదించుకుంటూ బిగించేసరికి ముప్పావు గంట పట్టింది. ఆపైన వీలున్నంత సేపు దిగి నడిపించుకుంటూ పోయాము. కొండ దిగేటప్పుడు సైకిలును నడిపించడం వింతగా కనబడుతుందని నాకు తెలుసు. రెండుసార్లు కార్లవాళ్ళు ఆగి, ఏమైనా సహాయం కావాలా అని అడిగారు.

ర్యూజిన్ అంటే నాగదేవత. నంద నాగరాజు కూకైకి కలలో కనబడి ఈ వేడినీటి ఊట చూపించాడని కథ. జపానులో చర్మానికి మేలు చేసే మూడు ప్రసిద్ధ ఊటల్లో ఇదొకటి. సోడా కలిసినట్టు జారుడుగా ఉండే ఆ నీళ్ళలో మునిగి, హిదక నది చప్పుడు వింటూ, ఎవరమూ చాలాసేపు మాట్లాడలేదు.

నాలుగోరోజు నకహెచి లోయలోకి దిగి 311వ నంబరు రోడ్డు అందుకున్నాము. ఇది కుమనో యాత్రామార్గానికి పక్కపక్కనే నడుస్తుంది. పదకొండు, పన్నెండు శతాబ్దాల నుంచి పదవి వదిలిన చక్రవర్తులు క్యోటో నుంచి ఇక్కడికి మందీమార్బలంతో వచ్చేవారు. గొషిరకవ ముప్పైసార్లకు పైగా వచ్చాడు. తరువాత సామాన్యులు ఎంతగా వచ్చారంటే, దానికి ‘చీమల కుమనో యాత్ర’ అనే పేరు స్థిరపడింది. కోయాకు భిన్నంగా కుమనో స్త్రీలను మొదటినుంచీ రానిచ్చింది, శుచి అశుచి లెక్కలు చూడలేదు.

ఈ రోడ్డు మీద సొరంగాలు ఎక్కువ. వెనక ఎర్రలైటు వెలిగించుకొని లోపలికి పోతే, ఒక్క లారీ శబ్దం వంద లారీల శబ్దమై వెనకనుంచి తోస్తుంది. అందుకే చికత్సుయు పల్లె దాటాక పాత ఊరి రోడ్డు మీదికి మళ్ళి, త్సుగిజకుర ఓజి అనే చిన్న గుడి చేరాము. చిన్న రోడ్డు కనుక సైకిలు గుడిమెట్ల దాకా వచ్చింది. మెట్ల పక్కన కొన్ని బ్రహ్మాండమైన దేవదారు చెట్లు. వాటి కొమ్మలన్నీ ఒకవైపుకే, దక్షిణానికే చాచుకొని ఉంటాయి. నచి వైపు చేతులు చాచాయంటారు. 1906లో ప్రభుత్వం చిన్న గుళ్ళను పెద్దవాటిలో కలిపేయమని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, గుళ్ళతోపాటు వాటి చుట్టూ ఉన్న వృక్షాలూ గొడ్డలికి వెళ్ళాయి. తనబెలో ఉండే మినకత కుమగుసు అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆ ఉత్తర్వుతో ఏళ్ళ తరబడి పోరాడాడు. ఈ చెట్లు మిగలడం అతని చలవే. వాటి దిగువన నొనక ఊట ఉంది. సీసా నింపుకొని తలెత్తి తాగుతుంటే ఆ కొమ్మలు కనబడతాయి. నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి.

ఆ రాత్రి యునొమినెలో ఉన్నాము. ఊరి నడుమ వాగులో తొంభై డిగ్రీల ఊట పొగలు కక్కుతుంటే, జనం వల సంచిలో గుడ్లు కట్టి అందులో దింపుతారు. వాగు గట్టున ఒక చెక్కగది, పేరు త్సుబొయు. ఇద్దరు పట్టేంత రాతి గుంట. ప్రపంచ వారసత్వ స్థలంలో భాగమై ఉండి, మనిషి స్నానం చేయగలిగిన ఊట ఇది. విషప్రయోగంతో జీవచ్ఛవమైన ఒగురి అనే వీరుణ్ణి బండిమీద పడుకోబెట్టి, దారిన పోయేవాళ్ళందరూ తలా కొంచెం లాగి ఇక్కడికి చేర్చితే, ఈ నీళ్ళలో అతను మళ్ళీ మనిషయ్యాడని కథ. ఒక్కొక్క జట్టుకు అరగంట సమయం. గడువు కాగానే బయట ఎవరో మర్యాదగా దగ్గుతారు.

అయిదోరోజు పొద్దున హొంగూ చేరి, సైకిళ్ళు కింద పెట్టి, 158 మెట్లు ఎక్కి కుమనో హొంగూ తైషాను చూశాము. ఆలయం బాగుంది గాని, నా మనసు అక్కడ నిలవలేదు. అసలు ఆలయం ఉన్న చోటు ఇది కాదు. అరకిలోమీటరు దూరంలో, నదులు కలిసే ఇసుకమేట మీద ఉండేది. దాని పేరు ఒయునొహర. 1889 వరదలో ఎక్కువ మందిరాలు కొట్టుకుపోతే, మిగిలినవాటిని 1891లో ఈ గుట్టమీదికి తెచ్చారు. ఇప్పుడు ఆ మేట మొదట్లో 2000లో నిలబెట్టిన 33.9 మీటర్ల తోరణం ఉంది, జపానులో అంత పెద్ద తోరణం మరొకటి లేదు. వరిచేల మధ్యనుంచి నడిచి దాని కిందుగా వెళితే, అవతల ఏమీ ఉండదు. చెట్లు, పచ్చిక, రెండు చిన్న రాతిగుళ్ళు. ఆ ఖాళీ ముందు నిలబడడం పైన ఉన్న గుళ్ళన్నిటికన్నా నాకు ఎక్కువ గుడిగా అనిపించింది. 2011 తుపానులో నది మళ్ళీ ఈ ఊళ్ళోకి వచ్చింది. రోడ్డు పక్కన అప్పటి నీటిమట్టం గుర్తులు చూసి తలెత్తాల్సి వచ్చింది, హ్యాండిల్ దగ్గర కాదు, తలకు చాలా పైన.

హొంగూ నుంచి షింగూ దాకా 168వ నంబరు రోడ్డు కుమనో నది వెంటే దిగుతుంది. పాత యాత్రికులు ఈ భాగం పడవలో వెళ్ళేవారు. అందుకే నది కూడా వారసత్వ జాబితాలో యాత్రామార్గంగానే ఉంది. ఆరు రోజుల్లో మాకు పాతదారితో సమానంగా, ఒకే వంపుల్లో, ఒకే వేగంతో ప్రయాణం చేసే భాగ్యం దొరికింది ఇక్కడే. మధ్యాహ్నం ఊరిన ఆవకూరలాంటి తకన ఆకులో చుట్టిన అన్నం ఉండలు, మెహరి, రోడ్డు పక్క గోడమీద కూర్చొని తిన్నాము. మెహరి అంటే ‘కళ్ళు పెద్దవి చేసేది’ అని. ఆ ఉండ నోట్లో పట్టాలంటే కళ్ళు పెద్దవి చేయక తప్పదు. సాయంత్రం షింగూలో కమికుర కొండ గుడికి 538 రాతిమెట్లు. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క ఎత్తు. పైన ఒక బండ, దానికి కట్టిన తాడు, కింద ఊరు, ఊరవతల సముద్రం.

ఆఖరిరోజు నచి. దాయ్‌మొన్‌జక దగ్గర 267 రాతిమెట్ల ముందు చివరిసారి సైకిళ్ళకు తాళం వేశాము. మొదట్లోనే ఎనిమిదివందల ఏళ్ళ జంట దేవదారులు దారికి చెరోపక్కా నిలబడి ఉన్నాయి. పైన 133 మీటర్ల జలపాతం. అక్కడ జలపాతమే దేవుడు. దూకేచోట రెండు బండల మధ్య పవిత్రమైన గడ్డితాడు కట్టి ఉంటుంది. పక్కనున్న సెయ్‌గంతోజి ఆలయాన్ని స్థాపించినవాడు భారతదేశం నుంచి ఓడ మునిగి తీరానికి కొట్టుకొచ్చిన ఒక దిగంబర సన్న్యాసి అని స్థలపురాణం.

కిందికి దిగి, నచి స్టేషన్ దగ్గర ఫుదరకు సంజి అనే చిన్న గుడికి వెళ్ళాము. ఇక్కడికి వచ్చేవాళ్ళు తక్కువ. ఫుదరకు అంటే పోతలకం, అవలోకితేశ్వరుడు ఉండే కొండ. అది దక్షిణాన, భారతదేశపు దక్షిణ తీరాన ఉందని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. 868 నుంచి 1722 వరకు దాదాపు ఇరవై మంది సన్న్యాసులు ఆ కొండకోసం ఇక్కడినుంచి పడవలో బయలుదేరారు. పడవమీద చిన్న గది, నాలుగువైపులా తోరణాలు. నెలరోజుల తిండి, దీపానికి నూనె లోపల పెట్టి, సన్న్యాసి కూర్చోగానే తలుపు మేకులతో బిగించేవారు. ఉత్తరపు గాలి వీచే శీతకాలపు నెల చూసి సముద్రంలోకి లాగి వదిలేవారు. పదహారో శతాబ్దంలో కొన్‌కోబో అనే సన్న్యాసి భయపడి బయటపడితే బలవంతంగా నీటిలో ముంచారని, ఆ తరువాత బతికున్నవాళ్ళను పంపడం మానేశారని చెబుతారు. ఆ పడవకు నమూనా ఒకటి గుడి ఆవరణలో ఉంది. గది ఎత్తు నా నడుముకు కాస్త పైన. కిటికీ లేదు. వాళ్ళు వెతుక్కుంటూ పోయిన దక్షిణం నుంచి ఒకడు వచ్చి, చెప్పులు చేతబట్టుకొని ఇక్కడ నిలబడ్డాడని వాళ్ళకెవరు చెబుతారు. మా బావమరిది ఆ పడవ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "తలుపు లోపలివైపు గడియ లేదు బావా," అన్నాడు.

కీ కత్సుఉర స్టేషన్ బయట గోడ పక్కన సైకిళ్ళు తలకిందులుగా నిలబెట్టాము. చక్రాలు ఊడదీసి, ఫ్రేముకు చెరోవైపు తాళ్ళతో కట్టి, సంచిలోకి దింపాము. అతని వెనక రిమ్ మీది వెండిగీత సాయంత్రపు ఎండలో ఇంకా మెరుస్తోంది. జిప్పు లాగేముందు ఒకసారి ఆగి, హ్యాండిల్ కొస బయటికి రాలేదు కదా అని తడిమి చూశాను.